బొగ్గు బస్సు రాజేసే పని

ఈ నెలతో నేను బస్సు షెడ్డు పని మానుకున్నాను. మోకాళ్ళు ఒప్పుకోవడం లేదు. పెట్రోలు మళ్ళీ దొరుకుతోందని, ఇంక బొగ్గు బస్సులు ఎంతోకాలం నడవవని అంటున్నారు. నడిచినన్నాళ్ళూ వాటిని రాజేసేవాళ్ళు కావాలి కదా. నా పనిలోకి ఇద్దరు ఆడవాళ్ళు కొత్తగా వచ్చారు. వాళ్ళకు నోటితో చెప్పాను, చేసి చూపించాను. అయినా చెప్పిన మనిషి ఎదురుగా లేకపోతే చెప్పింది మరుపున పడుతుంది. అందుకని రాసి పెడుతున్నాను. మా చర్చి పాస్టరుగారి భార్య సాయంత్రాలు ఆడవాళ్ళను కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించబట్టి ఈ వయసులో ఇది చేతనవుతోంది.

కూలి ఎంత ఇచ్చారు, ఏ పండక్కి చీర పెట్టారు లాంటివి ఇందులో ఉండవు. పని ఏమిటో, అందులో మనిషి ప్రాణం తీసేది ఏమిటో, దానివల్ల ఖాసిం అనే డ్రైవరు బతుకుతెరువు ఎట్లా పోబోయి నిలిచిందో రాస్తాను.

బొగ్గు

మాది కమలాపురం దగ్గర పల్లె. మా ఆయన తుమ్మకట్టెతో బొగ్గుల బట్టీ పెట్టేవాడు. నేను ఆ బొగ్గుల్ని కడపకు తెచ్చి కమ్మరి కొలుములకూ, ఇస్త్రీ చేసే చాకళ్ళకూ అమ్మేదాన్ని. యుద్ధం వచ్చి, కూపన్లు చేతిలో ఉన్నా పెట్రోలు దొరకని కాలంలో సుబ్బరామయ్య శెట్టి తన బస్సు వెనక గ్యాసు ప్లాంటు బిగించాడు. కడపకూ కమలాపురానికీ మధ్య తిరిగే బస్సు అది. బొగ్గులు నా దగ్గరే కొన్నాడు. బొగ్గులు తెచ్చి పడేస్తే చాలదు, జల్లించి, పోసి, రాజేసి పెట్టే మనిషి కావాలని తర్వాత తెలిసింది. మగవాళ్ళు ఒకరిద్దరు వచ్చి పోయారు. బట్టలూ మొహమూ మాత్రమే కాదు, ఉమ్మి కూడా నల్లబడే పని ఇది. నాకు అది చిన్నప్పటినుంచీ అలవాటే కాబట్టి నేను నిలిచాను.

ప్లాంటంటే బస్సు వెనక మనిషంత ఎత్తు ఇనప పీపా. పైన మూత, అడుగున బూడిద తీసే తలుపు, పక్కన గాలి పోయే కన్నం. పీపా నిండా బొగ్గులు పోసి, నూనెగుడ్డ చుట్టిన పుల్లతో ఆ కన్నంలో నిప్పు పెట్టాలి. తర్వాత పీపాకు బిగించిన ఫ్యాను హ్యాండిలును చేత్తో తిప్పుతూనే ఉండాలి. మొదట తెల్లటి పొగ దట్టంగా వస్తుంది. తిప్పేకొద్దీ పలచబడుతుంది. పక్క గొట్టం దగ్గర అగ్గిపుల్ల పెట్టినప్పుడు మంట నీలంగా, ఆరిపోకుండా నిలబడితే గ్యాసు తయారయినట్టు. అప్పుడు గొట్టాన్ని ఇంజను వైపు తిప్పుతారు. పెట్రోలు బదులు ఆ గ్యాసే ఇంజనులో మండి బస్సును లాగుతుంది.

బొగ్గు ముక్క నిమ్మకాయంత ఉండాలి. పెద్దదైతే మధ్యలో ఇరుక్కుంటుంది, పొడి అయితే గాలి ఆడదు. రాయి ఉంటే వేడికి కరిగి అడుగున గడ్డకడుతుంది, దాన్ని గునపంతో పొడిచి తీసేసరికి చేతులు పడిపోతాయి. తడి ఉందో లేదో చూపుతో తెలియదు. ముక్కను చేత్తో విరిచి వినండి. ఆరిన తుమ్మబొగ్గు పెంకు పగిలినట్టు టక్కుమంటుంది. తడిసింది చప్పుడు లేకుండా విరుగుతుంది. శెట్టి ఒకసారి చవగ్గా వస్తోందని మెత్తకట్టె బొగ్గు బండ్లకొద్దీ దించాడు. నేను వద్దన్నాను. ఆయన నన్ను తిట్టి, దాన్నే పోయించి, బస్సు ఊరి పొలిమేర దాటకముందే ఆగిపోతే నన్నే మళ్ళీ తిట్టాడు. శెట్టి మంచివాడే. ఆకలి అన్నవాడికి అన్నం పెట్టించేవాడు. కానీ తాను చేయించిన పని తప్పని ఒప్పుకోవాలంటే మాత్రం ఆయనకు ప్రాణం మీదికి వచ్చేది.

మూత

ఖాసిం ఆ బస్సుకు మొదటినుంచీ డ్రైవరు. నాకంటే చాలా చిన్నవాడు, నన్ను అక్కా అని పిలిచేవాడు. మనిషి నెమ్మది. మీసమంటే ప్రాణం. బస్సు అద్దంలో రోడ్డుకంటే మీసాన్నే ఎక్కువ చూసుకుంటాడని కండక్టరు ఎగతాళి చేసేవాడు.

కమలాపురం చేరాక పీపాలోకి మళ్ళీ బొగ్గులు పోయాలి. ప్లాంటు బిగించిన కొత్తలో ఒకరోజు ఖాసిం బస్సు ఆపీ ఆపగానే పైకెక్కి, ఎంత బొగ్గు మిగిలిందో చూద్దామని మూత తీసి లోపలికి వంగాడు. లోపల మిగిలిన గ్యాసుకు బయటి గాలి తగిలి భగ్గుమంది. అదృష్టం కొద్దీ కళ్ళు దక్కాయి. కనుబొమలూ, ఒక పక్క మీసమూ పోయాయి. సాయంత్రం షెడ్డుకు వచ్చినప్పుడు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని దిగాడు.

"రొండో మీసం యాడ మర్సిపోయినావప్పా?" అన్నాడు కండక్టరు.

"బస్సు తినింది," అన్నాడు ఖాసిం.

మర్నాడు మొత్తం గీయించుకుని వచ్చాడు. "మా ఇంటామె గుర్తుపట్టలేదక్కా. ఎవురు కావల్ల అని అడిగింది," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, ఆ తర్వాత మూత జోలికి పోయేటప్పుడు అంత జాగ్రత్త ఉన్న డ్రైవరును నేను చూడలేదు.

ఇంజను ఆపాక కాసేపు ఆగండి. గాలి ఎటునుంచి వస్తోందో చూసుకుని ఆ వైపు నిలబడండి. మొహం పక్కకు తిప్పుకుని ఇనప కడ్డీతో మూతను కొద్దిగా లేపండి. లోపలిది బుస్సుమని బయటికి పోనివ్వండి. పోయాకే పూర్తిగా తీయండి. వంగి చూడొద్దు. ఎంత బొగ్గు ఉందో కడ్డీ దించితే తెలుస్తుంది. పక్కన బీడీ వెలిగించినవాడు ఎంత పెద్దమనిషైనా సరే, అవతలికి పొమ్మనండి. నేను ఒక కరణాన్ని అట్లా పొమ్మన్నాను. ఆయన కోపంగా చూశాడు, కానీ పోయాడు.

నాలుగో గోడ

మంట కంటికి కనపడుతుంది కాబట్టి అందరూ దానికి భయపడతారు. నిజానికి ఆ పీపాలోంచి వచ్చేదాంట్లో ప్రాణం తీసేది వేరే ఉంది. ప్లాంటు బిగించడానికి బళ్ళారినుంచి వచ్చిన ఫిట్టరు మొదటిరోజే నాతో అన్నాడు. "పొగయితే కండ్లు మండి బయటికి పరిగెత్తుతావమ్మా. పొగ తగ్గినాక వచ్చే గాలికి వాసన లేదు, రంగు లేదు. అది మనిషిని నిద్రపుచ్చుతాది. నాలుగు గోడల నడుమ ఎప్పటికీ రాజేయొద్దు."

ఈ మాట నేను వెంటనే నమ్మాను. బట్టీ పెట్టేవాళ్ళు ఎవరూ బట్టీకి గాలివాటున పడుకోరు. ఎందుకని మా పెద్దలు చెప్పలేదు, పడుకోవద్దని మాత్రం చెప్పారు.

బస్సు నిలిపేచోట వెనక పాత బండ్ల కొట్టం ఉండేది. మూడు వైపులా రాతిగోడలు, పైన నాపరాళ్ళు, ముందువైపు ఖాళీ. బస్సు వెనకభాగాన్ని అందులోకి పెట్టి రాజేసేవాళ్ళం. ముందువైపు తెరిచి ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. పక్కన టిఫిను హోటలు ఉంది. ఇడ్లీల మీద మసి పడుతోందని హోటలాయన రోజూ గొడవ చేసేవాడు. దానికితోడు వానాకాలం వచ్చి బొగ్గులు తడవడం మొదలైంది. శెట్టి ఒకేదెబ్బకు రెండూ తీరతాయని కొట్టాన్ని ముందుకు పెంచి, నాలుగో గోడ లేపి, బస్సు పట్టేంత రెండు రెక్కల తలుపు పెట్టించాడు.

గోడ లేస్తున్నప్పుడే నేను వెళ్ళి చెప్పాను.

"సామీ, ఆ గోడ వొద్దు సామీ. బొగ్గులు లోపల ఉంటే చాలు. బస్సును బయటనే రాజేస్తా."

"బొగ్గులు తడుస్తాండాయని నువ్వే గదమ్మే ఏడుస్తాంటివి? గోడ కట్టిస్తే దానికీ ఏడుపేనా?"

"గాలి పోయేదానికి దోవ ఉండల్ల సామీ. బళ్ళారి ఫిట్టరాయప్ప చెప్పినాడు."

"బయట రాజేస్తే హోటలోడు ఊరుకోడు. లోపల రాజేస్తే నువ్వు ఊరుకోవు. నన్నేం చేయమంటావు, బస్సు మీకిచ్చేసి మంత్రాలయం పోయి కూచ్చోనా?"

చివరికి రాజేసేటప్పుడు తలుపులు బార్లా తీసి పెట్టేటట్టు ఒప్పించాను. వాన లేనన్నాళ్ళూ అట్లాగే జరిగింది.

తాళాలు

రంజాను నెల. పొద్దుటినుంచీ జల్లు కొడుతోంది. కండక్టరు ఇంకా రాలేదు. ఖాసిం రోజా ఉన్నాడు. అయినా, "నువ్వు పోయి బొగ్గులు జల్లించక్కా, ఫ్యాను నేను తిప్పుతాలే," అన్నాడు. దారిలో పోయడానికి బస్తాలు నింపాలి. నేను కొట్టం వెనక పంచలో కూర్చుని జల్లిస్తున్నాను. ఫ్యాను హ్యాండిలు తిరిగేటప్పుడు కిర్రుకిర్రుమంటుంది. ఆ చప్పుడు నాకు గోడ అవతలినుంచి వినపడుతూ ఉంది.

ఈలోగా శెట్టి గొడుగు వేసుకుని వచ్చాడట. జల్లు లోపలికి కొట్టి బొగ్గుల బస్తాలు తడుస్తున్నాయని రెండు రెక్కలూ దగ్గరికి లాగి, గొళ్ళెం తగిలించి హోటలు వైపు వెళ్ళిపోయాడు. అది నేను చూడలేదు. ఖాసిం వాన కదా అనుకుని తిప్పుతూనే ఉన్నాడు.

కిర్రుమనే చప్పుడు నెమ్మదించింది. తర్వాత ఆగింది. గ్యాసు తయారై ఆపాడనుకుంటే ఇంజను చప్పుడు రావాలి. అది రాలేదు. నేను జల్లెడ పడేసి ముందుకు పరిగెత్తి గొళ్ళెం తీశాను. ఖాసిం చక్రానికి ఆనుకుని, తల వేలాడేసుకుని కూర్చుని ఉన్నాడు. ఊపిరి బిగబట్టి లోపలికి పోయి, చంకల కింద చేతులు వేసి వానలోకి ఈడ్చాను. చొక్కా గుండీలు తెంపాను. వాంతి చేసుకున్నాడు. చేతులూ కాళ్ళూ కొట్టుకోవడం మొదలుపెట్టాయి.

నా కేకలకు హోటల్లో వాళ్ళంతా వచ్చారు. "పాపం, రోజా ఉండాడు గదా, కండ్లు తిరిగినాయి," అన్నారు ఒకరు. చేతులు కొట్టుకోవడం చూసి హోటలాయన అరిచాడు. "మూర్ఛరోయ్! తాళాలు పెట్టండి, తాళాలు!"

మూర్ఛ వచ్చినవాడి చేతిలో ఇనుము పెడితే దిగుతుందని మా వైపు అందరి నమ్మకం. శెట్టి మొలలోంచి తాళాల గుత్తి తీసి ఖాసిం గుప్పిట్లో పెట్టి మూశాడు. గాలి తగిలి, వాన పడి ఖాసిం మెల్లగా కళ్ళు తెరిచాడు. చుట్టూ ఉన్నవాళ్ళకు మాత్రం తాళాలు పెట్టగానే కళ్ళు తెరిచినట్టు కనపడింది. ఇంక చెప్పేదేముంది? అంతమంది ముందర తాళాలు పట్టుకున్నవాడు మూర్ఛ మనిషి కాకుండా ఎట్లా పోతాడు? సాయంత్రానికి ఆ మాట కమలాపురం చేరింది.

శెట్టి ఖాసింను ఇంటికి పంపి, ప్రొద్దుటూరునుంచి వేరే డ్రైవరును పిలిపించాడు. నేను వెళ్ళి, అది మూర్ఛ కాదు సామీ, గ్యాసు సామీ అన్నాను.

"వాసన లేదు, రంగు లేదు, కండ్లకు కనపడదు అంటావు. మల్ల ఉండాదని నీకెట్ల తెలుసు?" అన్నాడు శెట్టి. "మూర్ఛ నేను నా కండ్లతో చూసినా. రేపు ఆయప్ప బస్సును మనుషులతో సహా ఏట్లోకి తోలితే నువ్వొచ్చి జవాబు చెప్తావా?"

అది నిజంగా మూర్ఛే అయితే ఆయన అన్నదాంట్లో తప్పు లేదు.

ఖాసింను చూద్దామని వెళ్ళాను. ఇంటికి ఆనుకున్న బావమరిది దర్జీ అంగట్లో ఖాసిం కూర్చుని గుండీలు కుడుతున్నాడు. ఆ వేళ్ళకు సూది పట్టుబడటం లేదు.

"నాకేం తెల్దక్కా," అన్నాడు. "ఫ్యాను తిప్పుతాండా. తలకాయ నొప్పి. మోకాళ్ళు నాయి కాదన్నట్లయినాయి. మల్ల చూస్తే వానలో పండుకోనుండా. మూర్ఛంటే ఇట్లనే గదా ఉండేది?"

"ఇంతకుముందు ఎప్పుడన్నా వచ్చిందా నీకు?"

"లేదు."

"మీ ఇంట్లో ఎవురికన్నా?"

"మా నాయనకు కోపం వచ్చేది. అంతకుమించి ఏం రాలేదు."

అతని భార్య బీబీ తలుపు వెనకనుంచి అంది. "శెట్టి వొద్దన్నేది అట్లుండనీ అక్కా. ఈయనకే బయం పట్టుకుండాది. ఎద్దులబండి తోలమన్నా తోలనంటాండాడు."

ఖాసింకు బస్సు నడపడం తప్ప వేరే పని రాదు. ఒకసారి మూర్ఛ పేరు పడితే కడప, కర్నూలు రెండు జిల్లాల్లోనూ ఏ బస్సు యజమానీ దగ్గరికి రానివ్వడు. అంగట్లోంచి వచ్చేస్తూ నేను ఆ గోడను తిట్టుకున్నాను.

శెట్టి స్టూలు

ప్రొద్దుటూరు డ్రైవరు హుషారైనవాడు. వచ్చిన మొదటిరోజే నా దగ్గర అంతా విని, తలుపులు మూసిన షెడ్డులో ప్లాంటు దగ్గరికి రానని తేల్చి చెప్పాడు. మళ్ళీ వాన పట్టుకుంది. శెట్టి తలుపులు మూయమంటాడు, డ్రైవరు మూస్తే పోతానంటాడు. ప్రయాణికులు హోటలు పంచలో నిలబడి చూస్తున్నారు. శెట్టికి అందరి ముందూ రోషం వచ్చింది.

"ఒక ఆడమనిషి మాటకు ఇంత భయమా? స్టూలు తెండి. నేనే కూచ్చుంటా లోపల. రాజెయ్ రత్నమ్మా! బస్సు కదిలేలోపల నేను లేస్తే అప్పుడడుగు."

నేను వద్దన్నాను. మీరూ ఎప్పుడూ ఎవరినీ ఇట్లా కూర్చోనివ్వొద్దు. ఇది ఆడుకునే పరీక్ష కాదు. నేను బతిమాలినకొద్దీ ఆయన పంతం పెరిగింది. చివరికి స్టూలు తలుపు పక్కనే వేయించాను. ఒక రెక్క మూసి, రెండోదానికి రాయి అడ్డం పెట్టి కొద్దిగా తెరిచి ఉంచి, ఆ సందులో నేను నిలబడ్డాను. ఫ్యాను హ్యాండిలుకు తాడు కట్టి, ప్రొద్దుటూరాయన బయటినుంచి లాగి వదులుతూ తిప్పాడు. ఆ ఉపాయం ఆయనదే.

శెట్టి కూర్చున్నప్పటినుంచీ ఆగకుండా మాట్లాడుతూనే ఉన్నాడు. మొదట నన్ను, తర్వాత హోటలాయన్ని, బళ్ళారి ఫిట్టరును, యుద్ధం చేసే దొరల్ని వరసగా తిట్టాడు. పొగ పలచబడింది. "చూసినావా, పొగ కూడా లేదు. ఇంగ యాడుండాది నీ దయ్యం?" అన్నాడు. కాసేపటికి మళ్ళీ ఏదో మొదలుపెట్టి సగంలో వదిలేశాడు. నుదురు రుద్దుకున్నాడు. తర్వాత ఏమీ మాట్లాడలేదు.

శెట్టి నోరు ఊరికే ఆగడం నేను అన్నేళ్ళలో ఎరగను.

"సామీ, లేయండి," అన్నాను. లేవబోయాడు. కాళ్ళు నిలవలేదు. నేనూ డ్రైవరూ చెరో చెయ్యీ పట్టి బయటికి లాగాం. నాపరాళ్ళ అరుగు మీద కూర్చోబెట్టాం. తల రెండు చేతులతో పట్టుకుని భళ్ళున వాంతి చేసుకున్నాడు. ఒళ్ళంతా వణుకు.

పంచలో జనమంతా మీదపడ్డారు. "అయ్యో, శెట్టికీ వచ్చిందప్పా! తాళాలు, తాళాలు!" అంటూ హోటలాయన శెట్టి మొలలోంచే గుత్తి లాగి ఆయన చేతిలోనే కుక్కబోయాడు.

శెట్టి ఆ గుత్తిని విసిరికొట్టాడు. "నాకు మూర్ఛేందిరా, తిక్కనాయాలా! మా ఇంటా వంటా లేదు మూర్ఛ! గాలి రానీయండి పక్కకు పోయి!"

అంతా వెనక్కి తగ్గారు. నేను తాళాలు బురదలోంచి తీసి, కొంగుతో తుడిచి, అరుగు మీద ఆయన పక్కన పెట్టాను.

"ఖాసింకూ లేదు సామీ," అన్నాను.

శెట్టి నా వైపు చూశాడు. మూతి తుడుచుకున్నాడు. తాళాలు తీసి మొలలో దోపుకున్నాడు.

మరుసటి రోజు బేల్దార్లు వచ్చి నాలుగో గోడ పడగొట్టారు. పెరట్లో తొట్టి కట్టడానికి రాళ్ళు కావాల్సి వచ్చాయని శెట్టి అందరికీ చెప్పుకున్నాడు. ప్రొద్దుటూరాయనకు కడప నీళ్ళు పడటం లేదని, ఖాసింను రమ్మనమని నాతోనే కబురు పంపాడు. ఆయన తన తప్పు అన్న మాట ఎప్పుడూ అనలేదు. నాకు అక్కర్లేదు కూడా. తప్పు ఒప్పుకుని గోడ అట్లాగే ఉంచే యజమాని వస్తే మీకు తెలుస్తుంది, శెట్టి ఎంత నయమో. హోటలాయన కోసం వెదురు తడికె ఒకటి కట్టించాడు. మసి దాని మీద పడేది.

ముందు సీటు

బీబీ ఎట్లా నచ్చజెప్పిందో గానీ ఖాసిం వచ్చాడు. వాన వెలిసింది. ఆరుబయట బస్సును రాజేశాను. మంట నీలంగా నిలబడింది. ఇంజను అందుకుంది. ఖాసిం స్టీరింగు ముందు కూర్చుని రోడ్డు వైపే చూస్తున్నాడు.

బస్సు ఎవరూ ఎక్కలేదు.

జనం హోటలు పంచలోనే ఉన్నారు. శెట్టి లోపల కూర్చుని వాంతి చేసుకున్నది వాళ్ళలో చాలామంది చూశారు. దాన్నుంచి వాళ్ళు తెలుసుకున్నది వేరే. షెడ్డులో ఏదో ఉంది, అది శెట్టిని ఊరికే పట్టి వదిలింది, ఖాసింకు మాత్రం మూర్ఛగా నిలిచిపోయింది అని చెప్పుకుంటున్నారు. గొడుగు పట్టుకున్న పెద్దమనిషి ఒకాయన, "ఖాసిమా తోలేది? నేను రైలుకు పోతాలే," అని గట్టిగా అన్నాడు. ఖాసిం వినకుండా ఎట్లా ఉంటాడు? చెయ్యి స్టీరింగు వదిలి తలుపు పిడి మీదికి పోయింది. ఇంకాసేపు ఆగితే దిగి ఇంటికి వెళ్ళిపోతాడు. వెళితే మళ్ళీ రాడు. అది నాకు తెలిసిపోయింది.

నేను చేతులు దులుపుకుని ముందుకు వచ్చాను. డ్రైవరు పక్క సీటు తలుపు తీశాను. ఆ సీటు కరణాలకూ రెడ్లకూ ఉంచేది. శెట్టి అరుగు మీదనుంచి చూస్తున్నాడు. నోరు తెరిచాడు, ఆపబోతున్నాడనుకున్నాను.

"ఆ మసితో అట్లనే కూచ్చుంటావా? గోనెపట్ట పరుచుకో," అన్నాడు.

గోనెపట్ట పరుచుకుని ఎక్కి కూర్చున్నాను. ఖాసిం బిత్తరపోయాడు.

"యాడికక్కా?"

"మా పల్లెకు. పోనీయప్పా, పొద్దు పోతాంది."

"ఇద్దరమేనా?"

"నువ్వూ నేనూ పోతే బస్సు నడవనంటుందా?"

ఖాసిం గేరు వేశాడు. బస్సు కొద్దిగా కదిలింది. పంచలోంచి తమలపాకుల గంప నెత్తికెత్తుకున్న ముసలామె పరిగెత్తుకుంటూ వచ్చింది. "నిలుపప్పా, నిలుపు! నా ఆకులు వాడిపోతే ఈ పెద్దమనుషులొచ్చి కొంటారా?" అని వెనక ఎక్కింది. ఆమె వెనక ఇద్దరు గొర్రెలు అమ్ముకునేవాళ్ళు. ఆ తర్వాత ఒకరిని చూసి ఒకరు. ఆఖర్న గొడుగాయన కూడా, రైలుకు ఇంకా టైముందని గొణుక్కుంటూ ఎక్కాడు.

దారంతా వెనక మాటలు లేవు. ఖాసిం చెయ్యి ఎక్కడ తడబడుతుందా అని అందరి కళ్ళూ అతని వీపు మీదే ఉన్నాయి. వంపు వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు దేవుణ్ణి తలుచుకుంటున్నారు. ఖాసిం చెమటలు కారుస్తూ, రెప్ప వేయకుండా నడిపాడు. నేను కూడా రోడ్డే చూస్తూ కూర్చున్నాను, అతనివైపు చూస్తే ఇంకా బెదురుతాడని.

పాపాఘ్ని ఏరు దాటి గట్టెక్కే చోట ఇంజను మూలిగి నీరసించింది. బొగ్గు బస్సులకు ఎత్తు పడదు. ఖాసిం బ్రేకు వేసి, తల బయటికి పెట్టి అలవాటు ప్రకారం కేకేశాడు. "దిగండప్పా, రొంత తొయ్యండి!"

అందరూ దిగారు. భుజాలు ఆనించారు. తోస్తూ తిట్లు మొదలుపెట్టారు.

"ఏం బొగ్గులప్పా ఇవి! చీమ కూడా ఎక్కేట్లు లేదు!"

"తడిబొగ్గులు పోసుంటాది. ముందర సీట్లో దర్జాగా కూచ్చోనుండాదే, ఆయమ్మను దిగి తొయ్యమను!"

"ఖాసిమప్పా, నీ తోలుడు బాగుండాది గానీ, ఆయమ్మ బొగ్గులే మనల్ని సంపుతాండాయి!"

ఈ ఆఖరి మాట గొడుగాయనది. ఆ బొగ్గులు ఎండవి, విరిస్తే టక్కుమన్నాయి. నేను తల బయటికి పెట్టి జవాబు చెప్పబోయాను. ఖాసిం నా వైపు చూసి నవ్వాడు. మెల్లగా గేరు మార్చాడు. నేను గమ్మున కూర్చుని, గట్టెక్కేదాకా నా బొగ్గుల్ని తిట్టనిచ్చాను.